కుడిసీటు పలకలేదు

ఏరు గట్టు తెంచుకుని విమానాశ్రయంలోకి వచ్చి, రన్‌వే మీద చేపలు ఎగిరిపడ్డ ఏడాది ఒకటుంది. అక్కడివాళ్ళు పెళ్ళిళ్ళూ పుట్టుకలూ ఆ వరదని బట్టే చెప్పుకుంటారు. వరదకి ముందు, వరద తర్వాత. ఇది వరద తర్వాత రెండో ఏడు జరిగింది.

వరదలో మునిగిపోయామని విమానాల కంపెనీ ఏడ్చింది. మునిగిన యజమాని ఎవడూ కనబడలేదు గానీ పైలట్లు మాత్రం రెండు ముక్కలయ్యారు. పెద్ద విమానాలు నడిపేవాళ్ళు ఒక ముక్క. కంపెనీ కడుపున పుట్టిన పిల్ల కంపెనీలో చిన్న విమానాలు నడిపేవాళ్ళు ఇంకో ముక్క. రెక్కల మీద రంగు ఒకటే. టికెట్ ఒకటే. మబ్బూ పిడుగూ ఒకటే. కూలి మాత్రం ఒకటి కాదు. పెద్దవాళ్ళకి వచ్చేదాంట్లో సగం కూడా చిన్నవాళ్ళకి రాదు. అందుకని కంపెనీ ఒక్కో దారీ పెద్ద విమానం దగ్గర లాక్కుని చిన్న విమానానికి కట్టబెడుతూ వచ్చింది. దారి పోయిన పెద్ద పైలట్‌కి ఉద్యోగం పోయేది. దారి వచ్చిన చిన్న పైలట్‌కి నిద్ర పోయేది. ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకునేవారు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందంటారు. అక్కడ పిల్లికి ఆ శ్రమ కూడా లేదు, కూర్చుని చూడడమే.

చిన్న విమానాల్లో కో-పైలట్ ఒకడుండేవాడు. ఎడమసీటు కెప్టెన్‌ది, కుడిసీటు కో-పైలట్‌ది. ఏళ్ళ తరబడి ఆ కుడిసీటు వదలనివాడు కాబట్టి అందరూ అతన్ని కుడిసీటు అనే పిలిచేవారు. మాట తక్కువ మనిషి. భయం ఎక్కువ. ఎప్పటికైనా ఎడమసీటులో కూర్చోవాలని ఒక్కటే ఆశ. ఆ ఆశ మీదే ఇల్లు నడుస్తోంది.

పైలట్లలో ఒక ఆచారం ఉంది. కాక్‌పిట్‌లో ఇద్దరి వెనక గోడకి ఒక మడత సీటు ఉంటుంది. ఇంటికి పోవాల్సిన పైలట్ ఎవరైనా సరే, వచ్చి కెప్టెన్‌ని అడిగితే అందులో కూర్చోబెట్టుకుని తీసుకెళ్తారు. ఇవ్వడం కెప్టెన్ ఇష్టం. ఇవ్వనివాణ్ణి మాత్రం ఎవరూ చూసి ఎరగరు.

ఆ సాయంత్రం చూశారు.

కుడిసీటు పెద్ద విమానం గేటు దగ్గర టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆ విమానం కెప్టెన్ వేరెవరో కాదు, సొంత అక్క మొగుడు.

“ఇంటికి పోవాలి బావా.”

“లేదురా.”

“సీటు ఖాళీయే కదా?”

“ఖాళీయే.” బావ అతని మొహంలోకి చూడలేదు. “చిన్నబండి వాళ్ళకి చోటివ్వొద్దని మా సంఘం మాట.”

కుడిసీటుకి చెవులు వేడెక్కాయి. టికెట్లు పట్టుకున్న జనం లైన్లో నిలబడి చూస్తున్నారు. నవ్వులాటగా తేల్చేద్దామని, “మా అక్కనే నీకిచ్చాం. మడత సీటు ఒకటి నువ్వివ్వలేవా?” అన్నాడు.

ఎవరో కిసుక్కుమన్నారు. బావ నవ్వలేదు.

“మీ అక్కని చేసుకున్నప్పుడు నా దారి నీకు కట్నమిస్తానని ఒప్పుకోలేదురా. మా బ్యాచ్‌లో వాడు మొన్న ఉద్యోగం పోయి ఏడుస్తూ వెళ్ళాడు. వాడి దారిలో ఇప్పుడు ఎగిరేది నువ్వే. తెలుసా?”

తెలుసు. తెలిసి ఏం చేస్తాడు? కంపెనీ పొమ్మన్న దారికి పోయాడు.

వెనక అదే పని మీద ఇంకో చిన్నబండి పైలట్ నిలబడి ఉంది. ఆమెకి పాలు తాగే బిడ్డ ఉంది. పిల్లతల్లి అనేవారు. ఇదంతా చూసి ఆమె ఇక అడగలేదు. “పదండన్నా. కుర్చీ ఇక్కడుంది, పిల్ల ఇంటి దగ్గరుంది. రెంటికీ మధ్య గోడ కట్టారు వీళ్ళు,” అంది. పెద్ద విమానం ఆ మడత సీటుని ఖాళీగా మోసుకుని ఎగిరిపోయింది.

చిన్నవాళ్ళు కలిసి అద్దెకి తీసుకున్న గది ఒకటి విమానాశ్రయం గోడ వెనకే ఉంది. మనుషులెక్కువ, మంచాలు తక్కువ. ఒకరు డ్యూటీకి లేచిన చోట ఇంకొకరు పడుకునేవారు. దిండు వెచ్చగానే ఉండేది. గోడ అవతల ఇంజన్లు మోగుతుంటే పళ్ళెంలో గ్లాసు వణికేది. అక్కడ పడుకోవడమే గానీ నిద్రపోవడం లేదు.

ఆ నిద్ర ఎక్కడో ఒకచోట రావాలి కదా. పైన వచ్చింది.

ఒక మధ్యాహ్నం కుడిసీటు కళ్ళు తెరిచేసరికి రేడియోలో ఎవరో వాళ్ళ విమానం నంబరు పిలుస్తున్నారు. పిలిచి పిలిచి ఆ గొంతు బొంగురుపోయి ఉంది. ఎడమవైపు చూశాడు. ఎడమసీటు కెప్టెన్, అందరూ పెద్దాయన అనే ముసలాయన, గడ్డం ఛాతీకి ఆనించి పసిపిల్లాడిలా నిద్రపోతున్నాడు. కింద ఏరు కనబడాలి. ఏరు లేదు. కొండలున్నాయి. విమానం తనంతట తను పోతోంది. వెనక తలుపవతల జనం. ఎవరిదో పసిబిడ్డ ఏడుస్తోంది.

కుడిసీటు పెద్దాయన భుజం పట్టి కుదిపాడు. ఆయన లేచి కొండల్ని చూసి, విమానాన్ని దారికి తిప్పాడు. దిగాక ఇంజన్లు ఆపి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

“ఎంతసేపంటావు?” అన్నాడు.

“తెలీదు సార్.”

“ఎవరికీ చెప్పకు. నాకు రిటైర్మెంటు దగ్గర పడింది, నీకు ఎడమసీటు దగ్గర పడింది.”

ఆనాటి నుంచి కుడిసీటుకి కడుపులో ఒక రాయి పడింది. కింద ఉంటే ఉద్యోగం పోతుందని భయం. పైకి పోతే ప్రాణాలు పోతాయని భయం. తనదొక్కడిదైతే సరే, వెనక కూర్చున్నవాళ్ళవి. ఎవరైనా చంటిబిడ్డతో మెట్లెక్కితే చూపు తిప్పుకునేవాడు.

ఇంతలో పెద్దవాళ్ళు సమ్మెలోకి దిగారు. మా దారులు మాకివ్వండన్నారు. విమానాశ్రయం గేటు బయట టెంటు వేశారు. పెద్ద విమానాలు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి.

మర్నాడే కంపెనీ మేనేజరు చిన్నవాళ్ళందర్నీ మరమ్మతు షెడ్డులోకి పిలిచాడు. ఆయన్ని తేనెసీసా అనేవారు. మాట తియ్యగా ఉండేది, మూత మాత్రం ఆయన ఇష్టం వచ్చినప్పుడే తీసేవాడు.

“బిడ్డల్లారా,” అన్నాడు. “ఇన్నాళ్ళూ మిమ్మల్ని వాళ్ళు పురుగుల్లా చూశారు. మడత సీటు కూడా ఇవ్వలేదు. నా గుండె తరుక్కుపోయింది. ఇప్పుడు మీ రోజొచ్చింది. వాళ్ళ దారులన్నీ మీవే. ఎగిరినవాళ్ళకి రేపు పెద్ద విమానంలో చోటు. కుడిసీట్లో ఉన్నవాళ్ళకి ఎడమసీటు.” అక్కడ ఆగి గొంతు తగ్గించాడు. “ప్రభుత్వం ఆర్డరిచ్చింది. ఇది అత్యవసర సర్వీసు. డ్యూటీకి రాకపోతే అరెస్టు. ఆ పైన నా చేతుల్లో లేదు.”

షెడ్డు తలుపు దగ్గర పోలీసులు నిలబడి ఉన్నారు. అందరూ చూశారు.

ఆయన వెళ్ళిపోగానే షెడ్డు రేగిన తేనెపట్టయింది.

“ఎగరాల్సిందే. మన మొహాన తలుపేసినవాళ్ళ కోసం మనం జైలుకెందుకు పోవాలి?”

“అవును. వాళ్ళు మనకి ఏ రోజు ఒక చుక్క నీళ్ళిచ్చారు?”

“రేపు సమ్మె అయిపోయాక? మనల్ని బతకనిస్తారా?”

“నీకు రేపటి బెంగ. నాకీ పూట బెంగ.”

పిల్లతల్లి ఒక టైరు మీదికెక్కి నిలబడింది. “నన్నూ తలుపు బయట నిలబెట్టారు. మర్చిపోలేదు. నా పిల్లకి నేను అలవాటు తప్పిపోయాను, అదీ మర్చిపోలేదు. కానీ ఒక్క సంగతి చెప్పండి. వాళ్ళ దారులు మనకిచ్చినప్పుడు వాళ్ళ కూలి ఇచ్చారా? ఇవ్వలేదు. రేపు మనకన్నా తక్కువకి ఎగిరేవాడు దొరికితే మనల్ని ఉంచుతారా?”

“అది నిజమేనమ్మా. అయితే ఏం చేద్దామంటావు?”

“టెంటు దగ్గరికి పోయి మాట్లాడదాం.”

“తంతారు!”

“తంతే తన్నులు తినొద్దాం. నాతో ఎవరొస్తారు?”

ఎవరూ కదల్లేదు. ఆమె కళ్ళు కుడిసీటు మీద ఆగాయి. “మీ బావ ఉన్నాడుగా అక్కడ. రండన్నా.”

కుడిసీటు రానని చెప్పడానికే నోరు తెరిచాడు. తీరా చూస్తే ఆమె వెనక నడుస్తున్నాడు. భయస్తులకి కాదనడం కూడా భయమే.

టెంటు దగ్గర పెద్దవాళ్ళు వీళ్ళని చూడగానే లేచారు. “వచ్చారండీ, చవక బేరగాళ్ళు!” అన్నాడొకడు. “మా కొంపలు ముంచింది చాలక పలకరింపులు కూడానా?”

“కొంప ముంచింది వరదండీ, మేం కాదు,” అంది పిల్లతల్లి. “మిమ్మల్ని ముంచినవాడే మమ్మల్నీ నానబెట్టాడు.”

“నీతులు చెప్పకమ్మా. రేపు ఎగురుతారా, ఎగరరా?”

బావ ముందుకొచ్చి కుడిసీటు ఎదురుగా నిలబడ్డాడు. “నువ్వు చెప్పరా. ఎగురుతావా?”

కుడిసీటు ఎగురుతాననలేడు, ఎగరననలేడు. ఆ రెండూ రాక, లోపల రాయిలా ఉన్నది బయటికొచ్చింది.

“మొన్న పైన నిద్రపోయాం బావా.”

“ఏంటి?”

“ఇద్దరం. నేనూ పెద్దాయనా. ఇద్దరం ఒకేసారి.”

అప్పటిదాకా కేకలేస్తున్నవాళ్ళు దగ్గరికి జరిగారు.

“జనంతోనా?” అన్నాడెవరో మెల్లగా.

“సీట్లన్నీ నిండున్నాయి.”

“ఎంతసేపు?”

“తెలీదు. లేచేసరికి కింద కొండలున్నాయి.”

“ఏ రోజురా? ఏ దారి?”

చెప్పాడు. పైలట్ల ఇళ్ళలో ఆడవాళ్ళూ పిల్లలూ తల్లిదండ్రులూ ఎక్కేది ఆ విమానాలే. ఎవరికి వాళ్ళు ఆ రోజు తమవాళ్ళెవరైనా ఎక్కారేమోనని గుర్తు చేసుకుంటున్నారు. బావ పెదాలు కదులుతున్నాయి. ఆ తర్వాత అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“ఎన్నాళ్ళయిందిరా నువ్వు నిద్రపోయి?”

పిల్లతల్లి బదులిచ్చింది. “మీ దారులు మాకొచ్చినప్పటి నుంచి.”

ఒక నెరిసిన మీసాల పెద్దబండి కెప్టెన్ చెప్పులు వేసుకుంటూ లేచాడు. “మన కోరికల్లో మనవే రాసుకున్నాం. వీళ్ళని వదిలేశాం. అదీ మనం చేసిన తప్పు,” అన్నాడు. కాదు, వాళ్ళే తప్పు చేశారని ఇంకొకడు అరిచాడు. మళ్ళీ వాదులాట. ఈసారి వాదులాటలో చిన్నవాళ్ళూ ఉన్నారు, ఎందుకంటే గోడ వెనక గదిలోంచి ఒక్కొక్కరే వచ్చి టెంటు అంచున నిలబడ్డారు. పొద్దు వాలేసరికి టెంటుకి కట్టిన గుడ్డ మీద పాత అక్షరాలు కొట్టేసి కొత్తవి రాశారు. ఒకటే ఆకాశం, ఒకటే కూలి, ఒకటే నిద్ర.

గుడ్డ మీద రాయడం తేలిక. డ్యూటీకి రాకపోతే అరెస్టు. అది గుడ్డ మీద రాసినది కాదు.

“వస్తేనేం?” అన్నాడు చిన్నవాళ్ళ వెనకే వచ్చి నిలబడ్డ పెద్దాయన.

అందరూ ఆయనకేసి చూశారు.

“డ్యూటీకి రాకపోతే కదా నేరం. వద్దాం. సీట్లలో కూర్చుందాం. ఎడమసీట్లో ఉన్నవాళ్ళం చెక్‌లిస్టు చదువుతాం. కుడిసీట్లో ఉన్నవాళ్ళు పలక్కండి.”

ఈ పని తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. విమానం కదిలే ముందు ఒక పైలట్ ఒక్కొక్కటీ పేరు పెట్టి అడుగుతాడు. రెండోవాడు చేత్తో తాకి, చూసి, పలుకుతాడు. జవాబు వస్తేనే రెండోది. ఒక్క జవాబు రాకపోయినా చక్రం కదపకూడదు. అదేమీ కంపెనీ దయ కాదు, ప్రమాదాల్లో చచ్చినవాళ్ళని చూసి కట్టుకున్న పద్ధతి. దాన్ని మీరమని మంత్రి కూడా అనలేడు.

“మరి నోరు జారి పలికేస్తే?” అన్నాడొకడు. “ఏళ్ళ అలవాటు.”

“అందుకే మన కుడిసీటుని ముందు పెడదాం,” అన్నాడు పెద్దాయన. “ఎలాగూ మాట్లాడడు. ఎవరికీ అనుమానం రాదు.”

ఆ రెండేళ్ళలో పెద్దవాళ్ళూ చిన్నవాళ్ళూ కలిసి నవ్వింది అప్పుడే.

మర్నాడు గేట్లన్నిటి దగ్గరా చిన్న విమానాలు వరసగా నిలబడ్డాయి. జనం ఎక్కారు. తలుపులు పడ్డాయి. కుడిసీటు బెల్టు కట్టుకున్నాడు. వెనక మడత సీటు దగ్గర తేనెసీసా స్వయంగా నిలబడ్డాడు. ఆయన వెనక ఇన్‌స్పెక్టర్.

పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు.

“పార్కింగ్ బ్రేక్?”

కుడిసీటు నాలుక పైకి లేచింది. సెట్ అనే మాట పళ్ళ దాకా వచ్చింది. ఎన్ని వేలసార్లు అని ఉంటాడో, ఆ మాట అతనిది కాదు, నోటిది. పళ్ళు బిగించాడు.

“పార్కింగ్ బ్రేక్?” పెద్దాయన మళ్ళీ అడిగాడు. ఇంకోసారి.

“పలకవయ్యా,” అన్నాడు తేనెసీసా. “ఒంట్లో బాలేదా నాన్నా?”

కుడిసీటు అద్దంలోంచి ముందుకే చూస్తున్నాడు.

“సెట్!” అన్నాడు తేనెసీసా.

పెద్దాయన కళ్ళజోడు మీదుగా వెనక్కి చూశాడు. “తమరు బ్రేకు తాకి చూశారా?”

“ఎక్కడుంది?”

“అదేనండీ మరి.”

ఇన్‌స్పెక్టర్‌కి నవ్వొచ్చి దగ్గాడు. తేనెసీసా మొహంలో తేనె ఇంకిపోయింది. వంగి కుడిసీటు చెవిలో, “రేపు పొద్దున నుంచి ఎడమసీటు నీది. ఒక్క మాట. ఒక్కటంటే ఒక్కటి,” అన్నాడు. ఊపిరి వెచ్చగా మెడ మీద తగిలింది. “లేదా జన్మలో రెక్క ముట్టుకోనివ్వను. నీ పెళ్ళాం పిల్లలు అడుక్కుతినాలి.”

కుడిసీటు మోకాళ్ళు కొట్టుకుంటున్నాయి. దాచుకోవడానికి చేతులతో పట్టుకున్నాడు. అప్పుడు రేడియోలో టవర్ పక్క విమానాన్ని పిలిచింది. జవాబు లేదు. దాని పక్కదాన్ని పిలిచింది. లేదు. వరసగా ఒక్కొక్క నంబరూ పిలుస్తోంది. ఒక్కొక్క నంబరు వెనకా మౌనం. ఆ మౌనం ఎంత గట్టిగా ఉందంటే కుడిసీటుకి చెవులు మోగాయి. ఇంతమంది భయస్తులా! అందరూ తనలాగే మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నారా!

పెద్దాయన మైకు తీసుకుని వెనక జనానికి చెప్పాడు. “అమ్మా, అయ్యా. అడిగినదానికి జవాబు రాలేదు. జవాబు రాని బండి కదపకూడదు. మాకు నిద్ర లేదు. నిద్ర లేనివాడి చేతిలో మీ పిల్లల్ని పెట్టకండి. దిగిపోండి.”

గొడవ చేసినవాళ్ళున్నారు, తిట్టినవాళ్ళున్నారు. కానీ దిగారు.

దిగే జనం మధ్యలోంచి పోలీసులు పక్క విమానం దగ్గరికి పరిగెత్తడం కుడిసీటు అద్దంలోంచి చూశాడు. పిల్లతల్లిని మెట్ల మీదనించి రెక్క పట్టి లాక్కొచ్చారు. భుజం మీద బంగారు చారలు పీకేశారు. ఆమె టోపీ గాలికి దొర్లిపోయింది. టెంటు దగ్గర నినాదాలు మొదలయ్యాయి. ఆ తర్వాత లాఠీల చప్పుడు.

ఇన్‌స్పెక్టర్ పెద్దాయన భుజం మీద చెయ్యి వేశాడు. కుడిసీటు కూడా లేచి చేతులు ముందుకి పెట్టాడు.

“వీణ్ణి వదిలేయండి సార్,” అన్నాడు తేనెసీసా. “ఇది నోరులేని మేక. వాళ్ళు చెప్పినట్టు ఆడింది. చూడండి ఎలా వణుకుతోందో. రేపు పొద్దున మొదటి విమానానికి వీడే వస్తాడు. ఎడమసీట్లో.”

వదిలేశారు. కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

గదిలో మంచాలు ఖాళీగా ఉన్నాయి. చాలామంది స్టేషన్‌లో ఉన్నారు. కుడిసీటు ఇంటికి ఫోన్ చేశాడు.

“భయంగా ఉందా?” అంది భార్య.

“ఉంది.”

“నాకూ ఉందండీ.” “ఏమైనా తిన్నారా?”

“తింటాను.”

“ముందు తినండి. ఏం చేసినా కడుపు కాల్చుకుని చెయ్యకండి. ఎందుకు చేశారని మాత్రం నేను అడగను.”

మర్నాడు పొద్దున అతను గడ్డం గీసుకున్నాడు. చొక్కా ఇస్త్రీ చేసి తొడుక్కున్నాడు. కంపెనీ వ్యాను వచ్చింది. అందులో మిగిలిన చిన్నబండి వాళ్ళు తలలు దించుకుని కూర్చున్నారు.

“గేటుకేగా సార్?” అన్నాడు డ్రైవరు.

“స్టేషన్ దగ్గర ఆపు,” అన్నాడు కుడిసీటు.

డ్రైవరు అద్దంలోంచి చూశాడు. వ్యాను కొంత దూరం అలాగే పోయింది. వెనకనించి ఒక గొంతు, “నన్నూ అక్కడే దింపు,” అంది. ఇంకో గొంతు, “నన్నూ,” అంది. ఆ తర్వాత అడిగే పని లేకపోయింది. డ్రైవరు మలుపు దగ్గర విమానాశ్రయం వైపు కాకుండా రెండో వైపు తిప్పాడు.

స్టేషన్ ముందు పెద్దబండి వాళ్ళు అప్పటికే చేరి ఉన్నారు. బావ తలకి కట్టు ఉంది, కట్టులోంచి నెత్తురు కనబడుతోంది. కుడిసీటుని చూసి పక్కకి జరిగి దారిచ్చాడు.

కుడిసీటు స్టేషన్ మెట్లెక్కాడు.

“ఏం కావాలి?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“నిన్న పక్క విమానంలో ఆమె పలకలేదని తెచ్చారు. నేనూ పలకలేదు. నన్నూ రాసుకోండి.”

ఇన్‌స్పెక్టర్ అతన్ని ఎగాదిగా చూశాడు. “నిన్న వణికినవాడివి నువ్వే కదూ? ఇప్పుడూ వణుకుతున్నావు. భయం లేదా?”

“ఉందండీ,” అన్నాడు కుడిసీటు. “వాళ్ళకీ ఉంది.”

ఇన్‌స్పెక్టర్ కిటికీలోంచి చూశాడు. చిన్నబండి చొక్కాలూ పెద్దబండి చొక్కాలూ కలగలిసి మెట్ల మీదికి వస్తున్నాయి. ఎవరూ కేకలు వేయడం లేదు. ఒకరి వెనక ఒకరు నిలబడుతున్నారు. కుడిసీటు వాళ్ళకేసి తిరిగి చూడలేదు. ఇన్‌స్పెక్టర్ కలం తీసేదాకా బల్ల ముందు అలాగే నిలబడి, అప్పుడు తన పేరూ తండ్రి పేరూ చెప్పాడు. గది చివర కటకటాల వెనకున్నవాళ్ళకి కూడా వినబడేంత గట్టిగా చెప్పాడు.